ఉత్తర ధ్రువం వైపు కనిపించే చిన్న పూల ఈగ ప్లాటీకైరస్‌ను గుర్తుపట్టడం: తరచుగా అడిగే ప్రశ్నలు

ల్యాప్‌లాండ్, ఐస్‌లాండ్, గ్రీన్‌లాండ్, అలాస్కా, కెనడా ఉత్తర భాగం, సైబీరియా. ఈ చోట్ల జూన్, జులై నెలల్లో పూల మీద వాలే నల్లటి చిన్న ఈగను ఫోటో తీసి "ఇదేంటో చెప్పగలరా?" అని అడిగేవాళ్ల కోసం ఈ పేజీ. వీటిలో చాలావరకు హోవర్‌ఫ్లైలు, అంటే గాలిలో నిలబడి ఎగిరే పూల ఈగలు. అందులోనూ ప్లాటీకైరస్ అనే ప్రజాతివి (ప్రజాతి అంటే దగ్గరి చుట్టాలైన జాతుల గుంపు) ఎక్కువ. ముందే చెప్పేస్తున్నాను, సగానికి పైగా ఫోటోలకు నా జవాబు "ప్లాటీకైరస్, ఇంతకు మించి చెప్పలేం" అనే ఉంటుంది. బద్ధకంతో కాదు, ముందుకాలు కనిపించక. ఆ ముందుకాలి గోల ఏమిటో కింద ఉంది.

## అసలిది ఈగేనా? పసుపు మచ్చలు చూస్తే చిన్న కందిరీగలా ఉంది.

ఈగే. రెక్కలు లెక్కపెట్టండి. కందిరీగలకు, తేనెటీగలకు రెండు జతలు ఉంటాయి. ఈగకు ఒకటే జత. రెండో జత ఉండాల్సిన చోట గుండుసూది తలల్లాంటి రెండు బుడిపెలు ఉంటాయి, వాటిని హాల్టేర్లు అంటారు. ఎగిరేటప్పుడు ఒళ్లు అదుపు తప్పకుండా చూసేవి అవే. కందిరీగ మీసాలు పొడుగ్గా, కణుపులు కణుపులుగా ఉంటాయి. ఈ ఈగ మీసాలు పొట్టి, ఒక్కోదాని మీద సన్నటి వెంట్రుక ఒకటి పక్కకు పొడుచుకొచ్చి ఉంటుంది. పసుపు, నలుపు రంగులు పక్షులను బెదిరించడానికి వేసుకున్న వేషం.

## కుడుతుందా?

కుట్టదు, కరవదు. చేతి మీద వాలితే చెమట నాకి వెళ్లిపోతుంది.

## మామూలు ఈగ కాదు, హోవర్‌ఫ్లై అని ఎలా తేల్చుకోవాలి?

ఇది అడగాల్సిన ప్రశ్నే. టండ్రాలో, అంటే చెట్లు పెరగని ఆ చలి నేలల్లో, పూల మీద కనిపించే ఈగల్లో ఇంట్లో తిరిగే ఈగ కుటుంబానికి చెందినవే ఎక్కువ. గాలిలో ఒకేచోట నిలబడుతుందా అని చూడమంటారు కానీ, చలిగాలి కొట్టే చోట హోవర్‌ఫ్లై కూడా బుద్ధిగా పువ్వు పట్టుకుని కూర్చుంటుంది. కాబట్టి ఆ ఒక్క లక్షణాన్ని నమ్ముకోకండి.

రెక్క చూడండి. రెక్క మధ్యలో, పొడుగ్గా వెళ్లే రెండు ఈనెల నడుమ, ఇంకో గీత కనిపిస్తుంది. అది ఏ ఈనెతోనూ కలవదు, ఎక్కడో మొదలై ఎక్కడో మాసిపోతుంది. నిజానికి అది ఈనె కాదు, రెక్క పొర మడత పడి గట్టిపడిన గీత. నేను దాన్ని దొంగ ఈనె అంటాను. హోవర్‌ఫ్లై కుటుంబానికి దాదాపు సంతకం లాంటిది. రెండో గుర్తు కూడా రెక్క మీదే ఉంది. బయటి వైపు ఈనెలు రెక్క అంచు దాకా పోకుండా, అంచుకు కాస్త ముందే వంగి దాని వెంబడే నడుస్తాయి. బట్టకు అంచు మడిచి కుట్టినట్టు కనిపిస్తుంది.

ఒంటి మీద వెంట్రుకలు కూడా సాయం చేస్తాయి. మామూలు ఈగ వీపు మీద గట్టి ముళ్లలాంటి వెంట్రుకలు వరుసగా నిక్కబొడుచుకుని ఉంటాయి. హోవర్‌ఫ్లైకి మెత్తటి నూగు ఉంటుంది.

## సరే, హోవర్‌ఫ్లై. అందులో ప్లాటీకైరస్ అని ఎలా తెలుస్తుంది?

ప్రపంచంలో సుమారు 6,000 హోవర్‌ఫ్లై జాతులకు పేర్లు ఉన్నాయి. వాటన్నిటితో మనకు పని లేదు. ఉత్తరాదిన, చిన్న సైజులో, మచ్చలున్న ఈగ అనుకుంటే జాబితా వెంటనే కుదించుకుపోతుంది. అప్పుడు రెండు చోట్ల చూడాలి: ముఖం, స్కూటెల్లం. స్కూటెల్లం అంటే వీపు చివర, రెక్కల మధ్య ఉండే అర్ధచంద్రాకారపు చిన్న పలక.

ముఖం నల్లగా ఉండి, స్కూటెల్లం కూడా నల్లగా ఉంటే ప్లాటీకైరస్ వైపు ఒక అడుగు వేయొచ్చు. ముఖం పసుపుగా, స్కూటెల్లం పసుపుగా ఉంటే అది సిర్ఫస్, యూపియోడెస్, స్ఫెరోఫోరియా లాంటి వేరే ప్రజాతి కావచ్చు. స్ఫెరోఫోరియాలో అయితే వీపు పక్కల పసుపు గీత కూడా ఉంటుంది, అది సన్నగా పొడుగ్గా ఉండే ఈగ.

ఇంకో సంగతి. ప్లాటీకైరస్ తల వెనక భాగం లోపలికి గుంటపడి, వీపు ముందు భాగానికి టోపీలా అతుక్కుని ఉంటుంది. అందుకే దాని భుజాలు సగం దాక్కుని ఉంటాయి. ఆ భుజాల మీద వెంట్రుకలు ఉండవు. పూర్తిగా నల్లగా ఉండే కైలోసియా అనే ఇంకో హోవర్‌ఫ్లై ప్రజాతిలో భుజాలు బయటికి కనిపిస్తాయి, వాటి మీద వెంట్రుకలు కూడా ఉంటాయి. మచ్చలు మాసిపోయిన నల్ల ప్లాటీకైరస్‌ను కైలోసియా అనుకునే పొరపాటు ఇక్కడే తీరుతుంది.

సైజు విషయానికొస్తే, చాలా జాతులు 6 నుంచి 10 మిల్లీమీటర్ల మధ్యే. చిటికెన వేలి గోరు మీద హాయిగా పడతాయి.

## ప్లాటీకైరస్ అనే పేరుకు అర్థం ఏమిటి?

గ్రీకులో ప్లాటిస్ అంటే వెడల్పైన, చదునైన. కైర్ అంటే చెయ్యి. చదును చెయ్యి. 1828లో ఫ్రెంచి శాస్త్రజ్ఞులు లెపెల్తియే, సెర్విల్ ఈ పేరు పెట్టారు. మగ ఈగ ముందుకాలి పాదం రేకులా వెడల్పుగా, చదునుగా ఉంటుంది కాబట్టి ఆ పేరు. ఈ ప్రజాతిలో ఇప్పుడు 200కి పైగా జాతులు ఉన్నాయి, ఎక్కువ భాగం ఉత్తరార్ధగోళంలోనే.

జాతుల పేర్లు వరుసగా చదివితే నవ్వొస్తుంది. అల్బిమానస్ అంటే తెల్ల చెయ్యి. గ్రాండిటార్సిస్ అంటే పెద్ద పాదం. మానికాటస్ అంటే పొడుగు చేతుల చొక్కా తొడుక్కున్నది. స్కుటాటస్, పెల్టాటస్, క్లైపియాటస్, ఈ మూడింటికీ దాదాపు ఒకటే అర్థం, డాలు పట్టుకున్నది. పొడాగ్రాటస్ పేరులో ఉన్న పొడాగ్రా అయితే పాదానికి వచ్చే గౌట్ జబ్బు. వేర్వేరు దేశాల్లో, వేర్వేరు కాలాల్లో పేర్లు పెట్టినవాళ్లందరి కళ్లూ ఒకే చోట ఆగాయి. మీరు కూడా అక్కడే చూడాలి.

## మగదా, ఆడదా?

ముందు ఇది తేల్చకుండా ఇంకేం చేసినా దండగ. నడినెత్తి మీద రెండు కళ్లూ ఒకదానికొకటి తాకుతుంటే మగది. కళ్ల మధ్య నుదురు పట్టీలా కనిపిస్తుంటే ఆడది. పై నుంచి తీసిన మామూలు ఫోటోలో కూడా ఇది తెలిసిపోతుంది.

## మగ ఈగ ముందుకాలిలో సరిగ్గా ఏం చూడాలి?

కాలిని మూడు ముక్కలుగా విడదీసి చూడండి: తొడ, పిక్క, పాదం. గుర్తింపు పుస్తకాల్లో వీటినే ఫీమర్, టిబియా, టార్సస్ అంటారు. పాదం ఒకటే ముక్క కాదు, 5 కణుపులు. ఒంటికి దగ్గరగా ఉండే మొదటి కణుపు సాధారణంగా అన్నిటికన్నా పెద్దది.

20 రెట్లు పెంచి చూపే లెన్సు కింద ఒక మగ అల్బిమానస్‌ను పెట్టారనుకోండి. ముందు ఒళ్లంతా కంచు రంగు మెరుపుతో నల్లగా కనిపిస్తుంది. ఉదరం మీద జతలు జతలుగా బూడిద రంగు మచ్చలు, వెలుతురు పడే కోణాన్ని బట్టి కాస్త వెండిలా, కాస్త నీలంగా. ఇప్పుడు లెన్సును మెల్లగా ముందుకాలి మీదకు తీసుకెళ్లండి. తొడ మొదట్లో కొన్ని వెంట్రుకలు ఒకదానికొకటి చిక్కుపడి చిన్న కుచ్చులా ఉంటాయి. తర్వాత పిక్క. మోకాలి దగ్గర సన్నగా మొదలై, కిందికి వెళ్లేకొద్దీ నెమ్మదిగా వెడల్పవుతుంది. దాని చివర పాదం లేత రంగులో, పడవ తెడ్డులా పరుచుకుని ఉంటుంది. వెలుతురు వెనక నుంచి పడితే ఆ పాదంలోంచి కాంతి కనిపిస్తుంది. అంత పల్చన.

ఇప్పుడు పక్కనే స్కుటాటస్ మగదాన్ని పెట్టండి. తొడ దగ్గర అదే కుచ్చు, అదే వెడల్పు పాదం. కానీ పిక్క నెమ్మదిగా వెడల్పు కాదు. చివరిదాకా సన్నగానే వచ్చి, కొసన ఒక్కసారిగా విచ్చుకుంటుంది. ఈ రెండిటికీ మధ్య నేను నమ్మే తేడా ఇదే. దీన్ని పై నుంచి తీసిన ఫోటోలో పట్టుకోవడం ఎలాగో మీరే చెప్పండి.

ఇంకొన్ని త్వరగా చెప్తాను. గ్రాండిటార్సిస్ మగదాని పాదం అంత పెద్దది కాబట్టి లెన్సు లేకుండానే కనిపిస్తుంది, పైగా ఉదరం నారింజ ఎరుపు. తడి నేలల్లో ఉంటుంది. రోసారమ్ నల్లటి ఈగ, ఉదరం మధ్యలో ఒకే జత పసుపు మచ్చలు దగ్గర దగ్గరగా ఉండి దూరానికి పట్టీలా కనిపిస్తాయి. మానికాటస్ కాస్త పెద్దది. ముఖం కింది భాగం ముక్కులా బాగా ముందుకు పొడుచుకొస్తుంది. వీపు ఇతర జాతుల్లా మెరవదు, బూడిద చల్లినట్టు మసకగా ఉంటుంది. ఈ మూడిటినీ మంచి ఫోటోలో చెప్పేయొచ్చు.

## నా ఈగ మగదే, కళ్లు కలిశాయి. కానీ పాదం వెడల్పుగా లేదు. అంటే ప్లాటీకైరస్ కాదా?

తొందరపడకండి. ఈ ప్రజాతిలో పాదం చదును కాని జాతులూ ఉన్నాయి. ఆంబిగువస్ అలాంటిది. పేరుకే అర్థం సందిగ్ధం అని. దాని ముందుకాళ్లు మామూలుగానే ఉంటాయి. కానీ తొడ చివర, మోకాలికి కాస్త ముందు, ఒక పొడవాటి వెంట్రుక కొస చుట్టుకుపోయి నిలబడి ఉంటుంది. ఒక్కటంటే ఒక్కటే. ఆ వెంట్రుక చూసిన రోజు నాకు పట్టిన సంతోషం ఎవరికి చెప్పినా అర్థం కాలేదు.

ఇంకో అవకాశం, అది మెలనోస్టోమా కావడం. అది తర్వాతి ప్రశ్న.

## మెలనోస్టోమాకు, దీనికి తేడా ఏమిటి? రెండూ ఒకేలా ఉన్నాయి.

అవి దగ్గరి చుట్టాలే. రెంటికీ నల్ల ముఖం, నల్ల స్కూటెల్లం, సన్నటి ఒళ్లు. ఒకే గడ్డి మీద పక్కపక్కనే దొరుకుతాయి. మెలనోస్టోమా మగదానికి ముందుకాళ్లలో ఏ అలంకారమూ ఉండదు, అన్నీ సాదా కాళ్లే. ఆడదైతే ఉదరం మీద నారింజ మచ్చలు త్రికోణాల్లా ఉంటాయి. ఒకసారి చూస్తే మర్చిపోరు.

అనుమానం తీరకపోతే ఈగను తిరగేయాలి. కడుపు వైపు, మధ్యకాళ్లకూ వెనకకాళ్లకూ మధ్య ఉండే పలక ప్లాటీకైరస్‌లో నిండుగా ఉంటుంది. మెలనోస్టోమాలో రెండు పక్కలా కోసేసినట్టు చిక్కిపోయి, ఈటె మొనలా మిగులుతుంది. దీనికి ఈగ చేతిలో ఉండాలి, ఫోటోలో అయ్యే పని కాదు.

## మచ్చల రంగు, సైజు చూసి జాతి చెప్పొచ్చా?

చెప్పొద్దు. కొత్తవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. ప్యూపా దశలో, అంటే పిల్ల పురుగు రెక్కల ఈగగా మారే దశలో, ఎంత చలి తగిలిందన్న దాన్ని బట్టి ఎదిగిన ఈగ రంగు మారుతుంది. చల్లగా ఉన్నప్పుడు పెరిగిన ఈగ నల్లగా వస్తుంది, మచ్చలు చిన్నవవుతాయి. వేసవి మధ్యలో వచ్చిన దాని తోబుట్టువుకి అవే మచ్చలు పెద్దగా ఉండొచ్చు. ఉత్తరానికి పోయేకొద్దీ, కొండ ఎక్కేకొద్దీ నలుపు ఎక్కువవుతుంది. నల్ల ఒళ్లు ఎండను త్వరగా పీల్చుకుంటుంది కాబట్టి ఆ చలిలో అది లాభమే.

మచ్చ ఏ ఆకారంలో ఉంది, ఉదరం పక్క అంచును తాకిందా లేదా అన్నది కొంత పనికొస్తుంది. సైజు పనికిరాదు.

ఒంటి మీది బూడిద పూతతో ఇంకో తిరకాసు. కొన్ని జాతుల్ని వేరు చేయడానికి ముఖం మీద, నుదుటి మీద ఆ పూత ఎంత ఉందో చూడాలి. ఈగ తడిస్తే అది కనిపించదు. మంచు బిందువుల్లో తడిసిన ఈగ నున్నగా మెరుస్తుంటే, మెరిసే జాతి అని రాసేస్తారు. ఆరనివ్వండి, తర్వాత పక్క నుంచి వెలుతురు పడేలా చూడండి.

## ధ్రువానికి బాగా దగ్గరగా ఉండే జాతులు ఏవి?

హైపర్‌బోరియస్ ముందు గుర్తొస్తుంది. పేరుకు అర్థం ఉత్తరపు గాలికి ఆవల ఉండేది అని. డెన్మార్క్ శాస్త్రజ్ఞుడు స్టేగర్ గ్రీన్‌లాండ్ ఈగల మీద రాస్తూ 1845లో దీన్ని వర్ణించాడు. పొడాగ్రాటస్‌ను 1838లో స్వీడన్‌కు చెందిన జెట్టర్‌స్టెడ్ వర్ణించాడు. ల్యాప్‌లాండ్ అంతా తిరిగి పురుగులు పోగుచేసిన మనిషి ఆయన. ఉత్తరాది ఈగల పేర్ల పక్కన ఆయన పేరు ఎన్నిసార్లు కనిపిస్తుందో లెక్కలేదు. గ్రోన్‌లాండికస్‌కు 1927లో కర్రన్ పేరు పెట్టాడు. ఉత్తర అమెరికా జాతులన్నిటినీ 1990లో కెనడా శాస్త్రజ్ఞుడు వోకరాత్ తిరిగి పరిశీలించి సర్దాడు. నీల్సెనీ లాంటి కొత్త పేర్లు అప్పుడే వచ్చాయి. అలాస్కాలోనో, కెనడాలోనో తీసిన ఈగకు 1990కి ముందు వేసిన గుర్తింపు పట్టికలు వాడితే తప్పు పేరు వచ్చే అవకాశం ఎక్కువ.

ఐస్‌లాండ్ వెళ్లినవాళ్లకు మానికాటస్ తారసపడుతుంది. ఉత్తరాదిన మొదలుపెట్టడానికి మంచి జాతి, ముఖం పొడుచుకొచ్చిన తీరు చూస్తే చాలు.

## శాస్త్రీయ నామం వెనక మనిషి పేరు కొన్నిసార్లు బ్రాకెట్లలో, కొన్నిసార్లు బయట ఎందుకు ఉంటుంది?

పేరు పెట్టినప్పటి ప్రజాతి తర్వాత మారితే బ్రాకెట్లు వేస్తారు. ఫాబ్రీసియస్ 1781లో అల్బిమానస్‌ను సిర్ఫస్ అనే ప్రజాతిలో పెట్టాడు, తర్వాత అది ప్లాటీకైరస్‌లోకి వచ్చింది. అందుకే ప్లాటీకైరస్ అల్బిమానస్ (ఫాబ్రీసియస్, 1781) అని రాస్తాం. నీల్సెనీ మొదటి నుంచీ ఇక్కడే ఉంది కాబట్టి ప్లాటీకైరస్ నీల్సెనీ వోకరాత్, 1990. బ్రాకెట్ పెట్టడం మర్చిపోతే కొంపలేం మునగవు. కానీ పెద్దవాళ్లు గమనిస్తారు.

## నా దగ్గర ఉన్నది ఆడ ఈగ ఫోటో. ఏం చేయను?

"ప్లాటీకైరస్, ఆడది" అని రాసి వదిలేయండి. ఆడదానికి ఆ చదును పాదాలు, కుచ్చులు, చుట్టుకున్న వెంట్రుకలు ఏవీ ఉండవు. అవి మగవాటికే ఉన్నాయి కాబట్టి జతకట్టడంతో ముడిపడిన అలంకారాలుగానే వాటిని చూస్తారు. ఆడవాటిని నుదుటి మీది పూత, కాళ్ల రంగు, మచ్చల ఆకారం కలిపి చూసి కొన్నింటిని విడదీయొచ్చు. కానీ చేతిలో నమూనా ఉండాలి, పక్కన పోల్చుకోవడానికి నికరంగా పేరు తెలిసిన ఈగలు ఉండాలి. అదే చోట, అదే గంటలో మగది కూడా దొరికింది కదా అని దాని పేరే ఆడదానికీ తగిలించకండి. తెల్లటి పూలు పూసే డ్రయాస్ అనే చిన్న ధ్రువ ప్రాంతపు మొక్క ఉంది, దాని ఒకే పొదలో మూడు జాతులు తిరగొచ్చు.

## ఫోటో చూసి గుర్తుపట్టే యాప్ జాతి పేరు చెప్పేసింది. నమ్మొచ్చా?

ప్రజాతి వరకు చాలాసార్లు నమ్మొచ్చు. జాతి విషయంలో జాగ్రత్త. యాప్ మీరిచ్చిన ఫోటోనే చూస్తుంది. అందులో ముందుకాలు లేకపోతే దానికీ కనిపించదు. అయినా ఏదో ఒక పేరు ముందుకు తోస్తుంది, సాధారణంగా ఎక్కువ ఫోటోలు ఉన్న జాతి పేరు. ఎవరో ఒకరు దాన్ని ఓకే అనేస్తారు, ఆ ఫోటో మళ్లీ యాప్‌కు పాఠమవుతుంది. అలా తప్పు పేరు గట్టిపడిపోతుంది. సూచనను చూడండి, ఆ తర్వాత "ఈ పేరుకు కావాల్సిన గుర్తు నా ఫోటోలో ఉందా?" అని వెతకండి. లేకపోతే ప్రజాతి దగ్గర ఆపండి.

## ఫోటో ఎలా తీయాలి?

నా మొదటి ల్యాప్‌లాండ్ ప్రయాణంలో వందల ఫోటోలు తీశాను. ఇంటికొచ్చి చూసుకుంటే అన్నీ పై నుంచే. రెక్కలు అద్దంలా స్పష్టంగా ఉన్నాయి, ఒక్కదాంట్లోనూ ముందుకాలు లేదు. ఆ ట్రిప్పు మొత్తంలో జాతి పేరు రాయగలిగినవి నాలుగు.

కాబట్టి వరుస ఇలా పెట్టుకోండి. ముందు దూరం నుంచి ఒకటి, ఎగిరిపోయినా ఆధారం మిగులుతుంది. తర్వాత నేల మీదకు వంగి, పువ్వు ఎత్తులో, ఎదురుగా. ఈగ పుప్పొడి తినేటప్పుడు ముందుకాళ్లను కదుపుతూనే ఉంటుంది, మధ్యమధ్యలో రెండూ కలిపి రుద్దుకుంటుంది. ఆ రుద్దుకునే క్షణమే మీ క్షణం. ఫోటో కన్నా వీడియో తీసి అందులోంచి ఫ్రేమ్ తీసుకోవడం నాకు బాగా కలిసొచ్చింది. చివరగా పక్క నుంచి ఒకటి, ముఖం ఎంత ముందుకు పొడుచుకొచ్చిందో తెలిసేలా.

చలిగా ఉన్న ఉదయం, మబ్బు పట్టిన వేళ ఈగలు మందకొడిగా ఉంటాయి, దగ్గరికి వెళ్లనిస్తాయి. ఎండ రాగానే టెన్షన్ మొదలు, మీ నీడ పడితే చాలు మాయం. పారదర్శకమైన చిన్న డబ్బాలో పట్టి, కొన్ని నిమిషాలు చల్లటి చోట ఉంచి, ఫోటోలు తీసుకుని వదిలేయడం కూడా మంచి పద్ధతే. వేడెక్కగానే ఎగిరిపోతుంది.

## ఎప్పుడు, ఎక్కడ వెతకాలి?

మంచు కరిగి విల్లో పొదలు పూసే దగ్గర మొదలుపెట్టండి. టండ్రాలో తొలి పుప్పొడి అవే ఇస్తాయి. తర్వాత శాక్సిఫ్రేజ్, బటర్‌కప్, తెల్లటి డ్రయాస్. స్వీడన్‌లోని అబిస్కో లాంటి చోట, అంటే ఆర్కిటిక్ వలయానికి సుమారు 200 కిలోమీటర్లు ఉత్తరాన, జూన్ రెండో సగం నుంచి జులై చివరి వరకు మంచి కాలం. ఇంకా పైకి వెళ్తే వేసవి మొత్తం కొద్ది వారాల్లో ముగిసిపోతుంది.

డ్రయాస్ పువ్వు దగ్గర కాసేపు కూర్చోండి. గిన్నెలా ఉండే ఆ పువ్వు రోజంతా సూర్యుడి వైపు తిరుగుతూ ఉంటుంది. ఎండ గిన్నె మధ్యలోకి పోగవుతుంది, లోపల బయటి గాలి కన్నా కొన్ని డిగ్రీలు వెచ్చగా ఉంటుంది. కెనడాలోని ఎల్స్‌మియర్ ద్వీపంలో పరిశోధకుడు పీటర్ కెవన్ దీన్ని కొలిచి 1975లో ప్రచురించాడు. ఈగ అందులో కూర్చునేది తిండి కోసమే కాదు, చలి కాచుకోవడానికి కూడా. ఒళ్లు వేడెక్కితే తప్ప రెక్కల కండరాలు పనిచేయవు. అందుకే పువ్వులో కదలకుండా కూర్చున్న ఈగను చూసి చచ్చిపోయిందనుకోకండి.

రంగు పూలనే కాదు, గడ్డినీ తుంగనూ కూడా చూడండి. గాలితో పరాగసంపర్కం జరిగే ఈ మొక్కల పుప్పొడిని క్లైపియాటస్, దాని చుట్టాలు ఇష్టంగా తింటాయి. పూలు లేవు కదా అని తడి గడ్డి నేలలను దాటేసేవాళ్లు సగం జాతుల్ని వదులుకుంటున్నట్టే.

## అంత చలిలో ఇవి పెరిగేది ఎలా? లార్వాలు, అంటే ఈగ పిల్ల పురుగులు, ఏం తింటాయి?

ఎక్కువగా పేనుబంకను. తల్లి పేనుబంక ఉన్న మొక్క దగ్గర గుడ్లు పెడుతుంది. లార్వాకు కాళ్లు లేవు, కళ్లు లేవు. నోటితో అటూ ఇటూ తడుముతూ వెళ్లి, తగిలిన పేనుబంకను పొడిచి, పైకెత్తి, రసం పీల్చేసి తొక్కు పారేస్తుంది. ధ్రువ ప్రాంతంలో పేనుబంక ఎక్కడిది అంటారేమో, నార్వేకు ఉత్తరాన ఉన్న స్వాల్‌బార్డ్ దీవుల్లో డ్రయాస్ మీద బతికే పేనుబంక జాతి కూడా ఉంది. కొన్ని ప్లాటీకైరస్ లార్వాలు నేల మీద రాలిన ఆకుల మధ్య దొరికిన మెత్తటి పురుగులనూ తింటాయి. చలికాలాన్ని చాలావరకు లార్వాగానే, ఆకుల చెత్త కింద గడిపేస్తాయి.

## గడ్డిపోచ చివర ఈగ ఒకటి చచ్చి అతుక్కుని ఉంది, కడుపు ఉబ్బి తెల్ల చారలు ఉన్నాయి. ఇదేం జాతి?

చారలు ఈగవి కావు, ఎంటమాఫ్తొరా అనే బూజువి. అది ఈగ లోపల పెరిగి, చచ్చే ముందు దాన్ని ఎత్తైన చోటుకు ఎక్కించి అక్కడే అతికించేస్తుంది, బీజాలు దూరం పడటానికి. మెలనోస్టోమా, ప్లాటీకైరస్ ఇలా తరచుగా కనిపిస్తాయి. ముందుకాళ్లు పోచను కావలించుకుని ఉంటాయి కాబట్టి ఫోటోకు మహా అనుకూలం. ఉదరం ఆకారం, మచ్చల వెడల్పు మాత్రం లెక్కలోకి తీసుకోకండి, ఉబ్బిపోయి ఉంటాయి.

## ఈగను పట్టి భద్రపరచాలా?

సరదాకైతే వద్దు. ఒక ప్రాంతంలో ఏ జాతులున్నాయో పట్టిక తయారు చేస్తుంటే నమూనాలు తప్పవు. ముందు అనుమతి సంగతి చూసుకోండి. ఉదాహరణకు ఈశాన్య గ్రీన్‌లాండ్‌లో పెద్ద భాగం జాతీయ పార్కే, అక్కడికి వెళ్లడానికే అనుమతి కావాలి.

భద్రపరిస్తే సూదికి గుచ్చి ఆరబెట్టండి. ఆల్కహాల్‌లో వేసిన ఈగ బూడిద పూత కనిపించదు, మళ్లీ జాగ్రత్తగా ఆరబెట్టుకోవాలి. గుచ్చిన వెంటనే, కాళ్లు బిగుసుకోక ముందే, ఇంకో సూది మొనతో రెండు ముందుకాళ్లను ఒంటికి దూరంగా లాగి పెట్టండి. ఈ ఒక్క నిమిషం పని చేయనందుకు మ్యూజియం పెట్టెల్లో ఎన్నో మగ ఈగలు చేతులు కట్టుకుని కూర్చుని ఉన్నాయి. పేరు తేల్చడానికి వచ్చినవాళ్లు తల పట్టుకుంటారు. చీటీ మీద చోటు, అక్షాంశ రేఖాంశాలు, ఎత్తు, తేదీ, ఏ పువ్వు మీద దొరికింది, పట్టినవారి పేరు ఉండాలి. పువ్వు పేరు రాసేవాళ్లు తక్కువ, మీరు రాయండి.

## డీఎన్‌ఏ పరీక్ష చేయిస్తే అన్నీ తేలిపోతాయి కదా?

ఆడ ఈగలకు, లార్వాలకు సాయపడుతుంది. సాధారణంగా సీఓఐ అనే జన్యువులో సుమారు 650 అక్షరాల ముక్కను చదివి పోలుస్తారు. కానీ ప్లాటీకైరస్‌లో కొన్ని దగ్గరి జాతుల మధ్య ఆ ముక్కలో తేడా చాలా తక్కువ. మగవాటి కాళ్లు చూస్తే స్పష్టంగా వేరుగా ఉన్నవి, అక్షరాల్లో కలిసిపోతాయి. పైగా పోల్చే నమూనాకు ఎవరో పెట్టిన పేరు తప్పయితే మీ జవాబూ తప్పే.

## జాతి తెలియని రికార్డు పంపడం వల్ల ఉపయోగం ఉందా?

ఉంది. ఈశాన్య గ్రీన్‌లాండ్‌లోని జాకెన్‌బర్గ్ పరిశోధనా కేంద్రంలో, 74 డిగ్రీల ఉత్తర అక్షాంశం దగ్గర, 1996 నుంచి ప్రతి వేసవిలో ఉచ్చులు పెట్టి పురుగులను లెక్కిస్తున్నారు. అక్కడ డ్రయాస్ పూసే కాలం కుదించుకుపోయిందని, పూల మీద వాలే ఈగలు తగ్గాయని 2013లో వచ్చిన పరిశోధన చూపింది. దాన్ని తేల్చింది ఈగల కుటుంబాల స్థాయి లెక్కలే. తేదీ, చోటు, పువ్వు సరిగ్గా ఉంటే "ప్లాటీకైరస్, ఆడది" అన్న వరుస కూడా పనికొస్తుంది. ఊహించి రాసిన జాతి పేరు మాత్రం తర్వాత ఎవరో వెతికి, తీసేయాల్సిన చెత్త అవుతుంది.

## మగ ఈగే, కానీ ముందుకాళ్లు రెండూ విరిగిపోయాయి. ఇప్పుడెలా?

డబ్బా అడుగున, కవరు మూలల్లో వెతకండి, ఎండిన కాళ్లు అక్కడే రాలి ఉంటాయి. దొరికితే చిన్న అట్టముక్క మీద జిగురుతో అతికించి అదే సూదికి గుచ్చండి. దొరక్కపోతే మధ్యకాళ్లు చూడండి, కొన్ని జాతుల్లో వాటి మీద వెంట్రుకల అమరిక కూడా ఆధారమే. అదీ కుదరకపోతే ఆడ ఈగకు చెప్పిన జవాబే దీనికీ.